శాంపిల్ బాటిల్ నుంచి సంతకం దాకా

ప్రశ్న: పర్యావరణ శాస్త్రంలో పీజీ చేశాను. ఒక కన్సల్టింగ్ సంస్థలో ఇంటర్న్‌గా చేరి పది నెలలైంది. మానిటరింగ్ బోర్ల (భూగర్భ జలాల నాణ్యత గమనించడానికి వేసినవి) దగ్గర నీటి శాంపిళ్లు తీయడం, ల్యాబ్ ఫలితాలను టేబుళ్లలోకి ఎక్కించడం, సైట్ ఫొటోల కింద వివరాలు రాయడం, రోజూ ఇదే పని. నన్ను ఉద్యోగంలోకి తీసుకోవాలో వద్దో ఇంకో రెండు నెలల్లో తేలుస్తారు. నాతోపాటు చేరిన అమ్మాయికి అప్పుడే రిపోర్టు రాసే పని ఇస్తున్నారు. నేను ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేయాలా? ఇంకో సర్టిఫికెట్ తెచ్చుకోవాలా? ఇంటర్న్ దశ దాటి నిపుణుడు అనిపించుకోవాలంటే అసలు ఏం చేయాలి?

సమాధానం: కోర్సు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీరు ఉత్తరంలో తేలిగ్గా తీసిపారేసిన ఆ మూడు పనుల్లోనే మీ ఉద్యోగం ఉంది. బోరులోని నీరు రిపోర్టులో ఒక వాక్యంగా మారేలోపు మధ్యలో పంపు, బాటిల్, ఐస్ పెట్టె, ల్యాబ్, టేబుల్ ఉంటాయి. ఈ దారిలో ఎక్కడ ఆపి 'ఈ అంకె ఎందుకిలా వచ్చింది' అని అడిగినా ఆధారంతో జవాబు చెప్పగలిగే మనిషిని ఎవరూ ఇంటర్న్‌గా చూడరు. ఆ అమ్మాయికి రిపోర్టు పని ఇవ్వడానికి కారణం కూడా బహుశా ఇదే. ఆమె చేతికి ఇచ్చిన పనిని ఇంకొకరు మొదటి నుంచి సరిచూసుకోవాల్సిన అవసరం తగ్గి ఉంటుంది.

ముందు బోరు దగ్గరికే వెళ్దాం. తక్కువ వేగంతో నీరు తోడే పద్ధతిలో పంపు వేగం నిమిషానికి 100 నుంచి 500 మిల్లీలీటర్ల మధ్య ఉంచమంటారు. బోరులో నీటిమట్టం 10 సెంటీమీటర్లకు మించి పడకుండా చూడమంటారు. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి రీడింగ్ తీసుకుంటూ, వరసగా మూడు రీడింగులు నిలకడగా వచ్చాకే శాంపిల్ పట్టమంటారు. పీహెచ్ 0.1 లోపు, విద్యుత్ వాహకత 3 శాతం లోపు, ఆక్సీకరణ-క్షయకరణ విభవం 10 మిల్లీవోల్టుల లోపు, కరిగిన ఆక్సిజన్, టర్బిడిటీ (నీటి మసక) 10 శాతం లోపు మారుతుంటే నిలకడ వచ్చినట్టు. ఇదంతా మీకు ఫారం మీద కనిపించేదే. ఎందుకో తెలుసుకోవడం దగ్గరే తేడా వస్తుంది. బోరు పైపులో నిలిచిపోయిన నీరు గాలి తగిలి మారిపోతుంది. దానిలోని ఆవిరయ్యే రసాయనాలు ఎగిరిపోయి ఉంటాయి. అది చుట్టూ ఉన్న నేలలోని నీటికి ప్రతినిధి కాదు. అలాగని తొందరపడి పంపు గట్టిగా తిప్పితే అడుగున ఉన్న మట్టి లేచి బాటిల్లోకి వస్తుంది. లోహాల బాటిల్లో నైట్రిక్ ఆమ్లం ఉంటుంది కదా, ఆ మట్టి రేణువులకు అంటుకున్న లోహాన్ని అది కరిగిస్తుంది. నీటిలో లేని సీసం ఫలితంలో కనిపిస్తుంది. కరిగిన లోహాలే కావాలంటే 0.45 మైక్రాన్ ఫిల్టర్‌తో సైట్‌లోనే వడకట్టి, ఆ తర్వాతే ఆమ్లం ఉన్న బాటిల్లో పట్టాలి. ఈ వరస తారుమారైతే ల్యాబ్ ఎంత మంచిదైనా ఆ శాంపిల్‌ను బాగుచేయలేదు.

బాటిళ్ల విషయంలో తప్పులన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. ఆవిరయ్యే కర్బన రసాయనాల కోసం వాడే 40 మిల్లీలీటర్ల వయల్‌ను (చిన్న గాజు సీసా) అంచుదాకా, నీరు ఉబ్బెత్తుగా నిలిచేదాకా నింపి మూత బిగించాలి. తలకిందులు చేసి వేలితో తట్టి చూడాలి. గాలి బుడగ కనిపిస్తే పైన కాస్త నీరు పోసి సరిపెట్టకుండా కొత్త వయల్ తీసుకోవాలి. సున్నం ఎక్కువున్న నీటిలో, శాంపిల్ పాడవకుండా వయల్‌లో ముందే వేసి ఉంచే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొంగి బుడగలు తానే పుట్టిస్తుంది. అలాంటిచోట ఆమ్లం లేని వయల్ వాడి, 14 రోజులకు బదులు 7 రోజుల్లో పరీక్ష అయ్యేలా ల్యాబ్‌తో ముందే మాట్లాడుకోవాలి. లోపల ఆమ్లం ఉన్న బాటిల్‌ను కడగకూడదు, పొర్లేలా నింపకూడదు. ముందు ఆవిరయ్యే రసాయనాల వయళ్లు, తర్వాత మిగతావి. బోర్లలో ముందు శుభ్రమైనవి, చివర కలుషితమైనవి.

శాంపిల్ తీశాక ఎంతలోపు పరీక్ష జరగాలో, ఆ గడువులు కూడా నోటికి వచ్చి ఉండాలి. మామూలుగా అనుసరించే పద్ధతుల్లో నీటిలో హెక్సావలెంట్ క్రోమియంకు (క్రోమియంలో విషపూరితమైన రూపం) 24 గంటలు, బీఓడీకి (నీటిలోని వ్యర్థాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ కొలత) 48 గంటలు, పాదరసానికి 28 రోజులు, మిగతా లోహాలకు ఆరు నెలలు. పీహెచ్ అయితే అక్కడికక్కడే కొలవాలి. శుక్రవారం సాయంత్రం క్రోమియం శాంపిల్ తీసి, శనివారం ల్యాబ్ మూసి ఉంటుందని అప్పుడు గుర్తొస్తే ఆ రోజు కష్టమంతా వృథా. సైట్‌కు వెళ్లే రెండు రోజుల ముందే ల్యాబ్‌కు ఫోన్ చేసి 'ఫలానా రోజు ఫలానా టైముకు ఇన్ని బాటిళ్లు వస్తాయి, అందుకునే మనిషి ఉంటారా' అని అడగండి. ఎవరూ చెప్పకుండానే ఆ ఫోన్ చేసే ఇంటర్న్‌ని మేనేజర్ గుర్తుపెట్టుకుంటాడు. పెట్టెలో శాంపిళ్ల చల్లదనం గడ్డకట్టకుండా 6 డిగ్రీల లోపు ఉండాలి. శాంపిల్ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో చూపే చైన్ ఆఫ్ కస్టడీ పత్రంలోని పేరు, తేదీ, సమయం బాటిల్ మీది లేబుల్‌తో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. పెట్టె చేతులు మారిన ప్రతిసారీ సంతకం పడాలి. ఏళ్ల తర్వాత ఆ అంకె మీద వివాదం వస్తే, మొదట అడిగేది ఆ కాగితమే.

ఫీల్డ్ నోట్‌బుక్ గురించి విడిగా చెప్పాలి. కుట్టిన పుస్తకం, చెరగని సిరా. తప్పు రాస్తే ఒకే గీతతో కొట్టేసి, పక్కన పొడి అక్షరాలూ తేదీ వేయాలి. దిద్దడం, చెరపడం వద్దు. వాతావరణం, పక్క స్థలంలో నడుస్తున్న జనరేటర్, బోరు మూత విరిగి ఉండటం, నీటి వాసన లాంటివన్నీ చూసిన సమయంతో సహా రాయాలి. శాంపిల్ తీసేటప్పుడు పక్కనే వాహనం ఇంజన్ ఆన్‌లో ఉందని మీరు రాసి పెడితే, బెంజీన్ స్వల్పంగా కనిపించినప్పుడు ఆ ఒక్క లైను వారం రోజుల తర్జనభర్జనను తప్పిస్తుంది.

నీటిమట్టం కొలతలో ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. బోరు పైపు పై అంచు ఎత్తు 101.42 మీటర్లు అనుకుందాం. ఆ అంచు నుంచి నీటికి లోతు 6.87 మీటర్లు. అంటే నీటిమట్టం 94.55. పక్క బోరులో 94.80 ఉంటే, నీరు పక్క బోరు వైపు నుంచి ఇటు వస్తోందన్నమాట. పైపు నేల మీదికి 60 సెంటీమీటర్లు పొడుచుకుని ఉంది. టేపును పైపు అంచు దగ్గర చూడకుండా నేల దగ్గర చూసిన మనిషికి లోతు 6.27 వస్తుంది, లెక్కలో మట్టం 95.15 అవుతుంది. ఇప్పుడు ప్రవాహం దిశ తిరగబడింది! సైట్‌లో ఇంధన ట్యాంకు ఉందనుకుంటే, ప్రవాహంలో దానికి దిగువన ఉన్న చోటు కాగితం మీద ఎగువకు పోయింది, కొత్త బోరు వేయాల్సిన చోటు మారిపోయింది. అందుకే కొలిచే బిందువును పైపు అంచు మీద గుర్తుపెట్టి ఉంచుతారు. బోర్లన్నిటినీ ఒకే రోజు, ఏ ఒక్కదాన్నీ తోడకముందే కొలుస్తారు. సైట్ వదలకముందే పాత రీడింగులతో పోల్చి చూసుకోండి. ఒక్క బోరులోనే అర మీటరు తేడా కనిపిస్తే మళ్లీ కొలవడానికి రెండు నిమిషాలు. ఆఫీసుకొచ్చాక కనిపిస్తే ఇంకో ప్రయాణం.

ఇక టేబుళ్లు. మీరు 'ఎక్కించడం' అన్నారు. ఎక్కించేటప్పుడు ఆ అంకెలతో మాట్లాడుతున్నారా? ల్యాబ్ '<0.5' అని ఇస్తే అది సున్నా కాదు, ఖాళీ గడీ అంతకన్నా కాదు. 0.5 కంటే తక్కువ ఎంతుందో చెప్పలేం అని దాని అర్థం. మీకు వర్తించే ప్రమాణం (దాటకూడని హద్దు) లీటరుకు 5 మైక్రోగ్రాములైతే, ల్యాబ్ శాంపిల్‌ను పలచన చేసి '<10' అని ఇస్తే, ప్రమాణం లోపు ఉందని చెప్పే హక్కు మీకు లేదు. ఈ ఒక్క సంగతి పట్టుకుని ల్యాబ్‌కు వెంటనే ఫోన్ చేయగలిగితే, గడువు దాటకముందే మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. యూనిట్లలో 0.05 మిల్లీగ్రాములంటే 50 మైక్రోగ్రాములు. వెయ్యి రెట్ల తప్పు టేబుల్లో చూడటానికి చాలా అమాయకంగా ఉంటుంది. మట్టి ఫలితం తడి బరువు మీద ఇచ్చారో పొడి బరువు మీద ఇచ్చారో చూడండి. 20 శాతం తేమ ఉన్న మట్టిలో తడి లెక్కన కిలోకు 80 మిల్లీగ్రాములు వస్తే, పొడి లెక్కన అది 100. ప్రమాణం పొడి లెక్కన 90 అయితే అటో ఇటో తేల్చేది ఆ తేమే.

డూప్లికేట్లు (ఒకేచోట తీసే జంట శాంపిళ్లు), బ్లాంకులు (కాలుష్యం లేని నీటితో నింపిన పోలిక బాటిళ్లు) ఫారం నింపడానికి తీసేవని చాలామంది ఇంటర్న్‌లు అనుకుంటారు. పది శాంపిళ్లకో డూప్లికేట్ తీశారనుకోండి. ఒకదానిలో 12, రెండోదానిలో 18 వచ్చింది. తేడా 6, సగటు 15, అంటే తేడా 40 శాతం. నీటికి చాలా ప్రాజెక్టుల్లో పెట్టుకునే హద్దు 20 నుంచి 30 శాతం. అలాంటప్పుడు నోట్‌బుక్ తెరవాలి. టర్బిడిటీ ఎక్కువగా ఉందా, రెండో బాటిల్ ఆలస్యంగా నింపారా? రెండు విలువలూ గుర్తింపు పరిమితికి (ల్యాబ్ పట్టుకోగలిగే కనీస మోతాదు) దగ్గర్లో ఉంటే మాత్రం ఈ శాతానికి పెద్ద అర్థం ఉండదు, ఒకటికీ రెండుకీ మధ్య తేడా కూడా 67 శాతమే. శాంపిళ్లతోపాటు తెరవకుండా ప్రయాణించే ట్రిప్ బ్లాంక్‌లో ఏదైనా కనిపిస్తే దారిలోనో పెట్టెలోనో కలుషితమైందని అనుమానించాలి. పరికరం కడిగిన నీటి బ్లాంక్‌లో కనిపిస్తే బోరుకీ బోరుకీ మధ్య శుభ్రం సరిగా జరగలేదని. ల్యాబ్ రిపోర్టు వచ్చిన రోజే ఈ పరిశీలన చేసి, అర పేజీ నోటు రాసి మేనేజర్‌కు పంపండి. అడగకపోయినా పంపండి. మీ రెండు నెలల్లో దీనికి మించిన పని లేదు.

పరికరాలను నమ్మే ముందు అవి ఏం చూడలేవో తెలుసుకోండి. గాలిలోని రసాయన ఆవిరులను అతినీలలోహిత దీపంతో పసిగట్టే పరికరం పీఐడీ. 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం ఉన్న పీఐడీకి మీథేన్ కనిపించదు. క్లోరోఫామ్, కార్బన్ టెట్రాక్లోరైడ్ కూడా కనిపించవు, వాటి అయనీకరణ శక్తి ఆ దీపం కంటే ఎక్కువ. చెత్త పూడ్చిన చోట అది సున్నా చూపిందని 'వాయువులు లేవు' అని రాస్తే అది ప్రాణాల మీదికి వస్తుంది. శబ్దం కొలిచేవాళ్లయితే మొదలుపెట్టే ముందూ ముగించాకా కాలిబ్రేటర్‌తో సరిచూసుకుని, రెండు విలువలూ రాసుకోవాలి.

రిపోర్టు రాసే పని వచ్చినప్పుడు మీ మొదటి ముసాయిదా ఎర్ర సిరాతో నిండి వస్తుంది. ఆ దిద్దుబాట్లను ఊరికే ఒప్పుకుని ఫైలు మూసేయకండి. ఏది ఎందుకు మార్చారో ఒక చోట రాసుకుంటే, మూడో రిపోర్టుకల్లా మీ మేనేజర్ అలవాటుగా చూసేవి మీకు తెలిసిపోతాయి. ఎక్కువ దిద్దుబాట్లు ఒకే రకం. ఆధారం చెప్పినదానికంటే వాక్యం ఎక్కువ చెబుతుంది. 'స్థలంలో కాలుష్యం లేదు' అని ఎవరూ రాయలేరు. 'నాలుగు బోర్ల నుంచి ఫలానా తేదీన తీసిన శాంపిళ్లలో బెంజీన్, ల్యాబ్ గుర్తింపు పరిమితి అయిన లీటరుకు 1 మైక్రోగ్రాముకు లోపే ఉంది' అని రాయగలం. చూసింది వేరు, ఎవరో చెప్పింది వేరు, మనం ఊహించింది వేరు. ఈ మూడూ ఒకే పేరాలో కలిసిపోకూడదు. ఫొటో కింద కూడా 'నూనె మరక' అని రాసే ముందు ఆగండి. అది నూనె అని పరీక్ష చేశారా? 'సుమారు రెండు మీటర్ల పొడవున్న నల్లటి మరక, కంప్రెసర్‌కు ఉత్తరాన, కాంక్రీటులో పగుళ్లు ఉన్నాయి' అని రాస్తే చదివేవాళ్లకు స్థలం కళ్లకు కడుతుంది.

స్థలాల కొనుగోలు, అమ్మకాల ముందు చేసే తొలి దశ పరిశీలన కొత్తవాళ్లకు మంచి బడి. శాంపిల్ తీయకుండానే పాత రికార్డులు, పాత విమాన ఛాయాచిత్రాలు, ఇంటర్వ్యూలు, సైట్ సందర్శనతో ఏం జరిగి ఉండొచ్చో తేల్చాలి. దీనికి అంతర్జాతీయంగా ఐఎస్ఓ 14015 అనే మార్గదర్శక పత్రం ఉంది, 2022లో సవరించారు. అమెరికాలో ఏఎస్‌టీఎం ఈ1527 వాడతారు, దాని 2021 కూర్పు నడుస్తోంది. మీ చోట ఏది వర్తిస్తుందో అడిగి, దాన్ని సారాంశాలు వదిలేసి మూలంలోనే చదవండి. సైట్‌లో నడుస్తున్నప్పుడు గోడ పక్కన పైకి లేచిన గాలి గొట్టం కనిపిస్తే దాని కింద ట్యాంకు ఎక్కడుందని అడగాలి. కాంక్రీటు మధ్యలో రంగు మారిన అతుకు, ఎండిపోయిన గడ్డి, ఎటు పోతుందో తెలియని నేల కాలువ, ఇవన్నీ ప్రశ్నలే. చాలా ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న కాపలాదారుకు ఫైళ్లలో లేని సంగతులు తెలిసి ఉంటాయి. ఆయనతో నిలబడి మాట్లాడండి. తర్వాత ఒక తెల్ల కాగితం మీద కాలుష్యానికి మూలం ఏది, అది ఏ దారిన పోతుంది, ఎవరికి చేరుతుంది అని బొమ్మ గీయండి. ఈ మూడింటిలో ఒకటి లేకపోతే ప్రమాదం గొలుసు తెగినట్టే. ఇంటర్న్‌గా ఉండగానే ప్రతి ప్రాజెక్టుకూ ఆ బొమ్మ గీసే అలవాటు చేసుకున్నవాళ్లు, తర్వాతి శాంపిల్ ఎక్కడ తీయాలో చెప్పగలుగుతారు.

ఆఫీసు పని గురించి కాలేజీలో ఎవరూ చెప్పరు. కన్సల్టింగ్‌లో అమ్మేది గంటలు. మీకు 60 గంటల పని ఇచ్చారు, 30 గంటలు ఖర్చయ్యేసరికి మూడో వంతే పూర్తయింది. ఆ రోజే చెప్పాలి, మిగిలింది పూర్తి కావడానికి ఎన్ని గంటలు పడుతుందో అంచనాతో సహా. 58వ గంటలో చెబితే మేనేజర్ చేతిలో దారి ఏమీ మిగలదు. టైమ్‌షీట్ ఏ రోజుది ఆ రోజే నింపండి. తక్కువ గంటలు వేసి మంచి పేరు తెచ్చుకుందామని చూడకండి, దానివల్ల తర్వాతి ప్రాజెక్టు అంచనా కూడా తప్పుతుంది. సైట్‌లో క్లయింట్ మనిషి 'ఆ కుంటలోంచి కూడా ఒక శాంపిల్ పట్టెయ్యండి' అంటే మొహమాటానికి సరే అనొద్దు, మొహం మీద కాదనీ అనొద్దు. 'మా మేనేజర్‌ను అడిగి చెబుతాను' అని అక్కడి నుంచే ఫోన్ చేయండి. ఒప్పందంలో లేని ప్రతి పనికీ రాతపూర్వక అనుమతి ఉండాలి. పైగా ఒకసారి ఆ శాంపిల్ తీశాక వచ్చిన ఫలితాన్ని ఎవరూ మరచిపోలేరు, కొన్నిచోట్ల ప్రభుత్వానికి తెలపాల్సిన బాధ్యత కూడా మీద పడుతుంది.

భద్రత విషయంలో ఇంటర్న్ అని వెనక్కి తగ్గకండి. భూమిలో కేబుళ్లు, పైపులు గుర్తించకుండా డ్రిల్లింగ్ మొదలవుతుంటే, గాలి పరీక్షించకుండా ఎవరైనా గొయ్యిలోకి దిగబోతుంటే, పని ఆపమని చెప్పే అధికారం మీకుంది. కుళ్లిన గుడ్ల వాసన ఆగిపోయిందంటే హైడ్రోజన్ సల్ఫైడ్ పోయిందని కాదు, ఎక్కువ మోతాదులో అది ముక్కును మొద్దుబార్చేస్తుంది. అలాగే, ఎప్పుడైనా ఎవరైనా ఒక అంకెను 'కాస్త సర్దమంటే' ఒప్పుకోవద్దు. మళ్లీ పరీక్షించమని అడగడం సబబు, బాగోలేని ఫలితాన్ని టేబుల్లోంచి తీసేయడం మోసం. మీ అభ్యంతరాన్ని ఈమెయిల్లో పెట్టండి. ఈ వృత్తిలో పోగొట్టుకున్న పేరు తిరిగి రాదు.

మీరడిగిన కోర్సుల విషయం. మ్యాపులు గీయడం రాకపోతే ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ చాలు, అదీ మీ సొంత ప్రాజెక్టు బోర్లతో నేర్చుకోండి. స్ప్రెడ్‌షీట్‌లో '<' గుర్తున్న విలువలను విరగ్గొట్టకుండా సంభాళించడం నేర్చుకుంటే అంతకంటే ఎక్కువ అక్కరకొస్తుంది. సర్టిఫికెట్లలో తూకం ఉన్నవి అనుభవాన్ని లెక్కపెడతాయి. బ్రిటన్‌లో చార్టర్డ్ ఎన్విరాన్‌మెంటలిస్ట్, అమెరికాలో జియాలజిస్టు, ఇంజనీరు లైసెన్సులు అలాంటివి. మీ దేశంలో సంతకం చేసే అర్హత ఎవరికి, ఎన్నేళ్ల తర్వాత వస్తుందో కనుక్కోండి. ప్రాజెక్టు రకం, మీరు చేసిన పని, గంటలు, ఎవరి పర్యవేక్షణలో చేశారు అనేవి ఇవాళ్టి నుంచే ఒక పట్టికలో రాసుకోండి. ఐదేళ్ల తర్వాత గుర్తుచేసుకుని రాయడం ఎవరివల్లా కాదు. భూగర్భ జలాలా, గాలా, జీవవైవిధ్యమా అని ప్రత్యేకత ఎంచుకోవడానికి ఇప్పుడే తొందర లేదు. రెండు మూడేళ్లు అన్నిట్లో చేతులు పెట్టాక మీకే తెలుస్తుంది.

ఈ వారమే మీ మేనేజర్‌ను పదిహేను నిమిషాలు అడగండి. 'నాకు ఇంకేదైనా పని ఇవ్వండి' అని అడిగితే ఏమీ రాదు. 'వచ్చే విడత శాంపిళ్లకు బాటిళ్ల పట్టిక, ల్యాబ్ బుకింగ్ నేను తయారుచేస్తాను, మీరు చూసి పెట్టండి. ఫలితాలొచ్చాక నాణ్యత పరిశీలన నోటు, ఫలితాల అధ్యాయం మొదటి ముసాయిదా నేను రాస్తాను' అని అడగండి. వాళ్లు ఒప్పుకుంటే మీ ముసాయిదాను ముందుగా ఆ అమ్మాయికి చూపించండి, ఆమెది మీరు చూడండి. ఒకరి తప్పు ఇంకొకరి కంటికి ఇట్టే దొరుకుతుంది. ఈలోగా, మీరు ఆఖరుసారి పంపిన టేబుల్ తీసి అందులో ఏదో ఒక అంకె మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి ల్యాబ్ రిపోర్టుకు, చైన్ ఆఫ్ కస్టడీకి, నోట్‌బుక్‌లో ఆ రోజు పేజీకి వెనక్కి నడవండి. ఎక్కడ దారి తెగిందో అక్కడి నుంచే మొదలుపెట్టండి.